తాళం మనది... మారుతాళం ఎవరిది?

1970 జూన్‌లో స్విట్జర్లాండ్‌లో ఓ కంపెనీ చేతులు మారింది. పేరు క్రిప్టో ఏజీ. రహస్య సందేశాలను ఎవరికీ అర్థం కాని సంకేతాలుగా మార్చే యంత్రాలు తయారు చేసి ప్రభుత్వాలకు అమ్మడం దాని పని. కంపెనీని కొన్నది ఎవరో అందులో పనిచేసే ఇంజినీర్లకు తెలియదు. దాని యంత్రాలు కొనే దేశాలకు అంతకన్నా తెలియదు. పూర్తి నిజం బయటికి రావడానికి 50 ఏళ్లు పట్టింది. 2020 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌ పోస్ట్‌, జర్మనీ టీవీ జెడ్‌డీఎఫ్‌, స్విస్‌ టీవీ ఎస్‌ఆర్‌ఎఫ్‌ కలిసి గుట్టు విప్పాయి. కొన్నవాళ్లు ఇద్దరు. ఒకరు అమెరికా గూఢచార సంస్థ సీఐఏ. ఇంకొకరు అప్పటి పశ్చిమ జర్మనీ గూఢచార సంస్థ బీఎన్‌డీ.

అంటే ఏమైంది? దేశాలు తమ రాయబారులతో గుట్టుగా మాట్లాడుకోవడానికి లక్షలు పోసి ఓ పెట్టె కొనుక్కున్నాయి. ఆ పెట్టె తయారుచేసే కంపెనీ మాత్రం ఆ మాటలు వినాలనుకునేవాళ్లదే! కంచే చేను మేయడమంటే ఇదే. 120కి పైగా దేశాలు దాని కస్టమర్లు. ఇరాన్‌, లాటిన్‌ అమెరికా సైనిక ప్రభుత్వాలు, వాటికన్‌ అందులో ఉన్నాయి. పాకిస్థాన్‌ ఉంది. భారత్‌ కూడా ఉంది.

'పాత కథ కదా, ఇప్పుడెందుకు?' అని మీకు అనిపించొచ్చు. ఎందుకంటే ప్రపంచం మళ్లీ తన తాళాలన్నీ మార్చుకునే పనిలో ఉంది. క్వాంటమ్‌ కంప్యూటర్లను తట్టుకునే కొత్త ఎన్‌క్రిప్షన్‌ వచ్చేస్తోంది. ఇంకో కారణం కూడా ఉంది. ఈ కథలో మోసపోయింది దేశాలొక్కటే కాదు, మనలాంటి ఇంజినీర్లు కూడా. సైబర్‌ సెక్యూరిటీ, ఎంబెడెడ్‌, నెట్‌వర్కింగ్‌ వైపు కెరియర్‌ అనుకుంటున్నవాళ్లు ఈ కేసును ఓ పాఠంలా చదవాలి.

విందులో కుదిరిన ఒప్పందం

కథ బోరిస్‌ హాగెలిన్‌తో మొదలవుతుంది. స్వీడన్‌కు చెందిన ఈ వ్యాపారి 1940లో తన సంకేత యంత్రంతో అమెరికా చేరాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి అది భలేగా నచ్చింది. చేత్తో తిప్పే, బ్యాటరీ అక్కర్లేని ఆ చిన్న యంత్రం పేరు ఎం-209. దాదాపు 1.4 లక్షల యంత్రాలు తయారయ్యాయి. యుద్ధం ముగిశాక హాగెలిన్‌ స్విట్జర్లాండ్‌లోని జుగ్‌ ప్రాంతానికి మకాం మార్చి, 1952లో క్రిప్టో ఏజీ పెట్టాడు.

ఇక్కడ అమెరికాకు ఓ చిక్కొచ్చి పడింది. హాగెలిన్‌ కొత్త యంత్రం బాగా గట్టిది. అది అన్ని దేశాల చేతికీ వెళ్తే తాము ఎవరి మాటలూ వినలేరు. అమెరికా కోడ్‌బ్రేకింగ్‌కు పితామహుడి లాంటి విలియం ఫ్రైడ్‌మన్‌, హాగెలిన్‌కు పాత స్నేహితుడు. 1951లో వాషింగ్టన్‌లోని కాస్మోస్‌ క్లబ్‌లో ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. కాగితం లేదు, సంతకం లేదు, చేతులు కలిపారంతే. గట్టి యంత్రాలు అమెరికా సరేనన్న దేశాలకే. మిగతావాళ్లకు పాత, బలహీనమైన మోడళ్లు. దానివల్ల హాగెలిన్‌కు వచ్చే నష్టాన్ని అమెరికా భరిస్తుంది. 1960లో సీఐఏ ఈ ఒప్పందాన్ని కొనసాగించడానికి 8.55 లక్షల డాలర్లు ఇచ్చింది.

అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. 1960ల్లో గేర్లు, చక్రాల యంత్రాల కాలం పోయి ఎలక్ట్రానిక్‌ సర్క్యూట్లు వచ్చాయి. హాగెలిన్‌కు మెకానిక్స్‌ మీద పట్టుంది కానీ ఎలక్ట్రానిక్స్‌ కొత్త. అప్పుడు అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ 'మేం సాయం చేస్తాం' అంది. 1967లో వచ్చిన పూర్తి ఎలక్ట్రానిక్‌ యంత్రం హెచ్‌-460 పైన క్రిప్టో ఏజీ పేరుంది. లోపలి డిజైన్‌ మాత్రం ఎన్‌ఎస్‌ఏది.

మూడేళ్ల తర్వాత ఏకంగా కంపెనీనే కొనేశారు. ధర 57.5 లక్షల డాలర్లు. సీఐఏకు సగం, బీఎన్‌డీకి సగం. లీచ్‌టెన్‌స్టైన్‌లోని ఓ లా సంస్థ ద్వారా, యజమాని పేరు ఎక్కడా కనిపించని షేర్లతో లావాదేవీ నడిపించారు. ఈ ఆపరేషన్‌కు మొదట 'థెసారస్‌' అని, తర్వాత 'రుబికాన్‌' అని పేర్లు పెట్టుకున్నారు. వ్యాపారం కూడా బాగానే సాగింది. 1970లో 1.5 కోట్ల స్విస్‌ ఫ్రాంకులున్న అమ్మకాలు 1975కల్లా 5.1 కోట్లు దాటాయి. ఒక్కసారి ఆలోచించండి. దేశాలు తమ మీద నిఘాకు తామే డబ్బు కట్టాయి, అదీ లాభంతో సహా!

తాళాన్ని ఎలా 'పాడు' చేశారు?

సినిమాల్లో చూపించినట్టు లోపల ఓ రహస్య ట్రాన్స్‌మిటర్‌ పెట్టారనుకుంటున్నారా? అలాంటిదేమీ లేదు. అలా చేస్తే ఎవరో ఒకరు స్క్రూలు విప్పి పట్టేసేవారు. వీళ్లు చేయి పెట్టింది గణితంలో.

సింపుల్‌గా చెప్పాలంటే, ఇలాంటి యంత్రం ఓ తాళంచెవి సాయంతో పొడవాటి అంకెల వరుసను పుట్టిస్తుంది. మీ సందేశంలోని ఒక్కో అక్షరాన్ని ఆ వరుసలోని ఒక్కో అంకెతో కలిపేస్తుంది. అవతలివైపు అదే తాళంచెవి ఉన్న యంత్రం అదే వరుసను పుట్టించి, కలిపినదాన్ని విడదీస్తుంది. భద్రతంతా ఆ వరుసను ఎవరూ ఊహించలేకపోవడంలోనే ఉంది.

ఇప్పుడు నాలుగంకెల పిన్‌ ఉన్న ఓ సూట్‌కేస్‌ తీసుకోండి. 10,000 అవకాశాలు. దొంగ అన్నీ ప్రయత్నించేలోపు తెల్లారిపోతుంది. కానీ మీరు ఏ పిన్‌ పెట్టినా లోపలి మీట 100 రకాలుగానే కదిలేలా తయారీదారు చేసి ఉంటే? మీ కళ్లకు 10,000 కనిపిస్తాయి. ఆ 100 ఏవో తెలిసినవాడికి నిమిషాల పని. మీరు ఎన్నిసార్లు తాళం వేసి తీసినా తేడా తెలియదు. ఎందుకంటే తాళం పనిచేస్తూనే ఉంది!

క్రిప్టో ఏజీ యంత్రాల్లో జరిగింది ఇలాంటిదే. సందేశం వెళ్తుంది, వస్తుంది, సరిగ్గా విడిపోతుంది. అంకెల వరుస చూడటానికి ఏ పద్ధతీ లేనట్టే ఉంటుంది. మెలిక తెలిసినవాళ్లకు మాత్రం నెలలు పట్టాల్సిన పని ఒక్కోసారి సెకన్లలో అయిపోయేది. మిత్రదేశాలకు గట్టివి, మిగతా ప్రపంచానికి మెలిక పెట్టినవి... ఇలా కనీసం రెండు రకాలు తయారయ్యేవి. ఈ మెలికలకు రెండు షరతులు ఉండేవి. మామూలు గణాంక పరీక్షలకు దొరకకూడదు. ఒకవేళ దొరికినా, 'అయ్యో, ఇంప్లిమెంటేషన్‌లో పొరపాటు' అని సర్దిచెప్పుకునేలా ఉండాలి. కోడ్‌ రివ్యూలో కూర్చునేవాళ్లు రెండో షరతును మర్చిపోకండి. కావాలని పెట్టిన లోపం ఎప్పుడూ పొరపాటు ముఖంతోనే కనిపిస్తుంది.

విన్నవి తక్కువేం కాదు

1978లో అమెరికాలోని క్యాంప్‌ డేవిడ్‌లో ఈజిప్టు, ఇజ్రాయెల్‌ శాంతి చర్చలు జరిగాయి. ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌ కైరోతో ఏం మాట్లాడుతున్నాడో అమెరికా వింటూనే ఉంది. 1982 ఫాక్లండ్స్‌ యుద్ధంలో అర్జెంటీనా సైన్యం సమాచారం బ్రిటన్‌కు చేరింది. 1980ల్లో ఎన్‌ఎస్‌ఏ విప్పి చదివిన విదేశీ ప్రభుత్వాల సందేశాల్లో దాదాపు 40 శాతం క్రిప్టో యంత్రాల నుంచి వచ్చినవే. శతాబ్దంలోనే అతిపెద్ద గూఢచర్య విజయం ఇదని సీఐఏ తన అంతర్గత చరిత్రలో రాసుకుంది.

'ఉగ్రవాదులను పట్టుకోవడానికేగా, తప్పేంటి?' అనేవాళ్లూ ఉన్నారు. ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. 1986లో బెర్లిన్‌ డిస్కోలో బాంబు పేలితే దాని వెనుక లిబియా ఉందని తేలింది ఇలా విన్న సందేశాలతోనే. కానీ నాణేనికి రెండోవైపు కూడా చూడాలి. చిలీ, అర్జెంటీనా లాంటి దేశాల సైనిక ప్రభుత్వాలు వ్యతిరేకులను వేటాడటానికి కలిసి నడిపిన 'ఆపరేషన్‌ కాండర్‌' నెట్‌వర్క్‌లోనూ ఇవే యంత్రాలు వాడారు. ఆ మాటలు వినగలిగే స్థితిలో ఉన్నవాళ్లు ఏం చేశారన్న ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంకో విషయం. సోవియట్‌ యూనియన్‌, చైనా ఈ యంత్రాలు కొననేలేదు. వాళ్లకు ముందే అనుమానం. దొరికిపోయింది ఎవరంటే... సొంతంగా తయారు చేసుకునే సత్తా లేక, స్విస్‌ జెండా చూసి నమ్మిన దేశాలు.

'ఇది ఇలా ఎందుకుంది?' అని అడిగితే

ఈ కథలో నన్ను బాగా ఆలోచింపజేసింది గూఢచారులు కాదు, ఆ ఆఫీసులో రోజూ పొద్దున్నే వచ్చి పనిచేసుకున్న ఇంజినీర్లు. వాళ్లలో చాలామందికి అసలు సంగతి తెలియదు. తెలివైనవాళ్లకు మాత్రం ఏదో తేడాగా ఉందని అర్థమైంది.

పీటర్‌ ఫ్రుటిగర్‌ రీసెర్చ్‌ అండ్‌ డెవలప్‌మెంట్‌ విభాగం అధిపతి. సిరియా నుంచి ఫిర్యాదులొస్తే డమాస్కస్‌ వెళ్లి యంత్రాల్లోని లోపాలు సరిచేసి వచ్చాడు. ఏ కంపెనీలోనైనా దీనికి బోనస్‌ ఇస్తారు. ఇక్కడేమో, సిరియా సందేశాలు ఉన్నట్టుండి చదవడానికి రావట్లేదని ఎన్‌ఎస్‌ఏ గగ్గోలు పెట్టింది. 1977లో ఫ్రుటిగర్‌ ఉద్యోగం ఊడింది. తప్పేంటి? పని సరిగ్గా చేయడం!

మరుసటి ఏడాది మెంజియా కాఫ్లిష్‌ అనే ఎలక్ట్రికల్‌ ఇంజినీర్‌ చేరింది. ఆమె చురుకుదనం చూసి ఎన్‌ఎస్‌ఏ కంగారుపడింది. ఈమెకు నిజం తెలియకుండా ఉండదు అని వాళ్ల భయం. అన్నట్టే జరిగింది. ఆమె, సహోద్యోగి యుర్గ్‌ స్పోర్న్‌డ్లి కలిసి సొంత కంపెనీ యంత్రాన్నే పరీక్షకు పెట్టారు. సుమారు 100 అక్షరాల అసలు సందేశం చేతిలో ఉంటే చాలు, సంకేతం విడిపోయింది. ఊరుకోకుండా ఆమె గట్టి ఆల్గారిథమ్‌ రాసింది. అది 50 యంత్రాల్లోకి ఎక్కాక గానీ పైవాళ్లు గుర్తించలేదు. వెంటనే ఆపేశారు. ఆ 50 యంత్రాలను ప్రభుత్వాల చేతికి పోకుండా బ్యాంకులకు అమ్మేశారు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టిన ఇంజినీర్లు ఉన్నారు, కానీ వాళ్లకు చెప్పుకోవడానికి చోటు లేదు. పైఅధికారే దొంగతో కలిసి ఉంటే ఫిర్యాదు ఎవరికి ఇస్తారు?

అందరికంటే ఎక్కువ నష్టపోయింది సేల్స్‌మన్‌ హన్స్‌ బ్యూలర్‌. కంపెనీ రహస్యం ఏదీ తెలియదు. బ్యాగు పట్టుకుని దేశాలు తిరిగి యంత్రాలు అమ్మడమే అతని పని. 1992 మార్చిలో ఇరాన్‌ అతన్ని అరెస్టు చేసింది. తొమ్మిది నెలల నిర్బంధం, విచారణలు. 10 లక్షల డాలర్లు కడితే 1993 జనవరిలో వదిలారు. ఆ డబ్బు ఇవ్వడానికి సీఐఏ ఒప్పుకోలేదు, బీఎన్‌డీ సమకూర్చింది. తిరిగొచ్చాక కంపెనీ అతన్ని ఉద్యోగం నుంచి తీసేసింది. అప్పుడు అతను నోరు విప్పాడు.

తెలిసీ ఎందుకు కొన్నారు?

బ్యూలర్‌ మాట్లాడాక స్విస్‌ మీడియాలో కథనాలొచ్చాయి. 1995లో అమెరికా పత్రిక బాల్టిమోర్‌ సన్‌ వివరంగా రాసింది. మామూలుగా అయితే కంపెనీ అక్కడితో మూతపడాలి. కొన్ని దేశాలు నిజంగానే కాంట్రాక్టులు ఆపేశాయి. ఆశ్చర్యం ఏంటంటే, బ్యూలర్‌ను జైల్లో పెట్టిన ఇరాన్‌ మాత్రం దాదాపు వెంటనే మళ్లీ కొనడం మొదలెట్టింది!

ఎందుకిలా? నాకు అనిపించేది ఇది. ఎంబసీల్లో వందల యంత్రాలు ఉంటాయి. సిబ్బందికి అవే అలవాటు. అన్నీ మార్చాలంటే బోలెడు ఖర్చు. మారిస్తే కొత్తది మంచిదని గ్యారంటీ ఏంటి? పరీక్షించే నిపుణులు సొంతంగా లేనప్పుడు ఒక నమ్మకం స్థానంలో ఇంకో నమ్మకం పెట్టుకోవడమే మిగులుతుంది. ఫాక్లండ్స్‌ యుద్ధం తర్వాత అర్జెంటీనాకు అనుమానం వస్తే, కంపెనీ తరఫున గణిత నిపుణుడు షెల్‌-ఓవె విడ్‌మన్‌ బ్యూనస్‌ ఎయిర్స్‌ వెళ్లాడు. పాత మాటల పరికరం ఒకటి ఛేదించి ఉండొచ్చు కానీ ప్రధాన యంత్రానికి ఢోకా లేదని నచ్చజెప్పాడు. వాళ్లు నమ్మారు. 1979 నుంచి విడ్‌మన్‌ సీఐఏ మనిషి అన్నది అసలు సంగతి. గణితం అర్థమయ్యే మనిషి తమవైపు ఒక్కరు ఉన్నా అర్జెంటీనా నాలుగు ప్రశ్నలు వేసేది.

దొరికిపోతామన్న భయంతో జర్మనీ 1990ల తొలినాళ్లలో తన వాటాను 1.7 కోట్ల డాలర్లకు సీఐఏకు వదిలేసి తప్పుకుంది. సీఐఏ ఒక్కటే 2018 వరకు నడిపింది. 2020 నవంబరులో స్విస్‌ పార్లమెంటరీ కమిటీ ఇచ్చిన నివేదిక ఇంకో బాంబు. తమ దేశ నిఘా విభాగానికి 1993 నుంచే ఈ సంగతి తెలుసట! తటస్థ దేశమన్న పేరును చూసి నమ్మినవాళ్లకు ఇది గట్టి దెబ్బ.

పెట్టె పోయింది, పద్ధతి పోలేదు

ఇప్పుడు ప్రత్యేకంగా సంకేత యంత్రాలు ఎవరు కొంటున్నారు? ఫోన్‌, రౌటర్‌, బ్యాంకు యాప్‌... అన్నింట్లో ఎన్‌క్రిప్షన్‌ ఉంది. అంటే గురి కంపెనీ నుంచి ప్రమాణాల వైపు మారింది.

2006లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌ ర్యాండమ్‌ అంకెలు పుట్టించే కొన్ని పద్ధతులను ఆమోదించింది. అందులో ఒకటి డ్యుయల్‌ ఈసీ. నెమ్మది, మొరటు. అయినా జాబితాలో ఉంది. 2007లో మైక్రోసాఫ్ట్‌కు చెందిన డాన్‌ షుమో, నీల్స్‌ ఫెర్గూసన్‌ ఓ విషయం చూపించారు. అందులోని రెండు స్థిర విలువల మధ్య సంబంధం తెలిసినవాళ్లు తర్వాత వచ్చే అంకెలన్నీ ముందే చెప్పేయగలరు. 2013లో స్నోడెన్‌ పత్రాలు బయటికొచ్చాక అనుమానం బలపడింది. డ్యుయల్‌ ఈసీని తన సాఫ్ట్‌వేర్‌లో డీఫాల్ట్‌గా పెట్టడానికి ఆర్‌ఎస్‌ఏ కంపెనీకి ఎన్‌ఎస్‌ఏతో కోటి డాలర్ల ఒప్పందం ఉందని ఆ ఏడాది డిసెంబరులో రాయిటర్స్‌ రాసింది. తెలిసి ఏ బ్యాక్‌డోరూ పెట్టలేదని ఆర్‌ఎస్‌ఏ చెప్పింది. 2014లో నిస్ట్‌ ఆ పద్ధతిని తీసేసింది.

అయిపోలేదు. 2015 డిసెంబరులో జూనిపర్‌ కంపెనీ తన ఫైర్‌వాల్స్‌లో అనుమతి లేని కోడ్‌ దొరికిందని ప్రకటించింది. పరిశోధకులు తవ్వి చూస్తే, వాటిలో డ్యుయల్‌ ఈసీ ఉంది. దాని స్థిర విలువను ఎవరో మార్చేశారు. అంటే ఒకరి కోసం అనువుగా ఉన్న దొడ్డిదారికి ఇంకెవరో వచ్చి సొంత తాళం వేసుకున్నారు! 'మంచివాళ్లకు మాత్రమే పనిచేసే బ్యాక్‌డోర్‌' అనే మాట ఎప్పుడు విన్నా జూనిపర్‌ను గుర్తుచేసుకోండి.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలా? చాలా దేశాల్లో పోలీసులు, ఎమర్జెన్సీ సర్వీసులు వాడే టెట్రా రేడియోలు. వాటి ఆల్గారిథమ్‌లను 1990ల నుంచి రహస్యంగా ఉంచారు. 2023లో మిడ్‌నైట్‌ బ్లూ అనే డచ్‌ సంస్థ పరిశోధకులు రేడియోను విప్పి, వాటిని బయటికి లాగారు. టీఈఏ1 అనే రకంలో తాళంచెవి పైకి 80 బిట్లు. లోపల మాత్రం దాన్ని 32 బిట్లకు కుదించేస్తోంది. 32 బిట్లంటే సుమారు 429 కోట్ల అవకాశాలు. వినడానికి పెద్దదే కానీ ఇప్పటి కంప్యూటర్‌కు నిమిషాల పని. అసలు 80 బిట్లు ఉంటే అంతకు 281 లక్షల కోట్ల రెట్లు ఎక్కువ! పైన చెప్పిన సూట్‌కేస్‌ కథే కదా? ఎగుమతి నిబంధనల ప్రకారమే అలా చేశామన్నది ప్రమాణాల సంస్థ వాదన. ఆ రేడియో కొన్నవాళ్లకు ఆ ముక్క ఎవరైనా చెప్పారా అన్నదే నా ప్రశ్న.

'ఏ దేశం కంపెనీ?' కాదు

బ్లాగులో ఏ రౌటర్‌ గురించి రాసినా నాకొచ్చే మొదటి కామెంట్‌ 'బ్రో, ఇది ఏ దేశం కంపెనీ?' ప్రశ్న మంచిదే, కానీ సగం ప్రశ్న. ఎందుకంటే క్రిప్టో ఏజీ స్విస్‌ కంపెనీ! అడగాల్సింది... 'దీన్ని ఎవరు పరీక్షించారు? తయారు చేసినవాళ్లు కాకుండా ఇంకెవరైనా లోపల చూశారా?'

క్రిప్టోగ్రఫీలో ఓ పాత సూత్రముంది. 1883లో ఆగస్ట్‌ కెర్కోఫ్స్‌ చెప్పాడు. యంత్రం శత్రువు చేతికి చిక్కినా ఫర్వాలేదు, తాళంచెవి ఒక్కటే రహస్యంగా ఉంటే చాలు అనేలా వ్యవస్థ ఉండాలి. మనం రోజూ వాడే ఏఈఎస్‌ ఇలాగే వచ్చింది. 1997లో బహిరంగ పోటీ ప్రకటించారు. 15 డిజైన్లు బరిలో నిలిచాయి. ప్రపంచంలోని నిపుణులంతా వాటిని విరగ్గొట్టడానికి ప్రయత్నించారు. చివరికి ఇద్దరు బెల్జియం పరిశోధకుల డిజైన్‌ గెలిచింది. 2001లో ప్రమాణమైంది. విచిత్రం చూడండి. డ్యుయల్‌ ఈసీ ఉన్న నిస్టే దీన్నీ నడిపించింది. తేడా సంస్థలో లేదు, పద్ధతిలో ఉంది.

మన దేశం ఈ దిశలో కొన్ని అడుగులు వేసింది. టెలికం నెట్‌వర్క్‌ల్లోకి కొత్త పరికరాలు 2021 జూన్‌ 15 నుంచి 'నమ్మకమైన వనరుల' నుంచే రావాలి. ఇంటర్నెట్‌కు కలిసే సీసీటీవీ కెమెరాలైతే 2025 ఏప్రిల్‌ నుంచి హార్డ్‌వేర్‌, సాఫ్ట్‌వేర్‌, సోర్స్‌కోడ్‌ ప్రభుత్వ గుర్తింపు ఉన్న ల్యాబ్‌ల్లో పరీక్ష దాటాలి. మొదటిది 'ఎవరు' అని అడుగుతోంది. రెండోది 'లోపల ఏముంది' అని కూడా అడుగుతోంది. క్రిప్టో ఏజీ పాఠం ప్రకారం రెండోదే గట్టిది. స్వదేశీ స్టిక్కర్‌ అతికించినంత మాత్రాన చిప్‌, ఫర్మ్‌వేర్‌ కూడా మనవైపోవు.

అలాగని వేలు బయటివాళ్ల వైపే చూపించడం న్యాయం కాదు. సందేశం మొదట ఎవరు పంపారో చెప్పేలా ఉండాలని మన 2021 ఐటీ నిబంధనలు పెద్ద మెసేజింగ్‌ సంస్థలను అడుగుతున్నాయి. ఎన్‌క్రిప్షన్‌ను విరగ్గొట్టమంటే దేశం నుంచి వెళ్లిపోతామని 2024 ఏప్రిల్‌లో వాట్సాప్‌ దిల్లీ హైకోర్టులో చెప్పింది. పుకార్ల వల్ల ప్రాణాలు పోయిన చోట పోలీసుల ఇబ్బంది నిజమే. కానీ చట్టబద్ధంగా వినడానికి పెట్టిన ద్వారం కూడా ద్వారమే. అమెరికాలో టెలికం సంస్థలు కోర్టు అనుమతితో ఫోన్లు వినడానికి ఏర్పాటు చేసుకున్న వ్యవస్థల్లోకే చైనాతో సంబంధమున్న 'సాల్ట్‌ టైఫూన్‌' హ్యాకర్లు చొరబడ్డారని 2024లో బయటపడింది.

తాళాలు మార్చే కాలం

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వద్దాం. ఎన్‌ఎస్‌ఏకు క్రిప్టో ఏజీ లోపలికి పూర్తిగా దారి దొరికింది ఎప్పుడు? గేర్ల నుంచి ఎలక్ట్రానిక్స్‌కు మారినప్పుడు. పాత యంత్రం అందరికీ తెలుసు, కొత్తది ఎవరికీ అర్థం కాదు. తయారీదారుకే సాయం కావాలి. సాయం చేసినవాడే లోపల కూర్చున్నాడు.

2024 ఆగస్టులో నిస్ట్‌ క్వాంటమ్‌ కంప్యూటర్లను తట్టుకునే మూడు ప్రమాణాలు ఖరారు చేసింది. ఇవి కూడా ఏళ్ల తరబడి బహిరంగ పోటీలో నలిగినవే, అది మంచి సంగతి. కానీ ప్రమాణం మంచిదైతే సరిపోదు. దాన్ని చిప్‌లో, కార్డులో, రౌటర్‌లో ఎలా రాశారన్నది వేరే ప్రశ్న. బ్యాంకులు, టెలికం, రక్షణ రంగం అన్నీ రాబోయే ఏళ్లలో మారాలి. మన దేశం 2023లో రూ.6,003.65 కోట్లతో నేషనల్‌ క్వాంటమ్‌ మిషన్‌ మొదలుపెట్టింది. కొనేటప్పుడు పెట్టె మూత తీసి చూడగలిగేవాళ్లు ఎంతమంది ఉంటే అంత మంచిది. ఇక్కడే మీ అవసరం ఉంది.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు గణితం. సంభావ్యత, నంబర్‌ థియరీ, లీనియర్‌ ఆల్జీబ్రా. వీటిలో కొన్ని ఇంటర్‌లో చదివి పక్కన పడేసినవే, మళ్లీ తీయండి. ఐఐటీ ఖరగ్‌పూర్‌ అధ్యాపకులు చెప్పిన క్రిప్టోగ్రఫీ, హార్డ్‌వేర్‌ సెక్యూరిటీ పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితం. స్టాన్‌ఫర్డ్‌ ప్రొఫెసర్‌ డాన్‌ బోనే కోర్సు కోర్సెరాలో ఉంది. చదవడం ఒక్కటే కాకుండా విరగ్గొట్టడం నేర్చుకోవాలంటే క్రిప్టోపాల్స్‌ అభ్యాసాలు చేయండి. తెలిసిన లోపాలున్న సంకేతాలను మీరే కోడ్‌ రాసి ఛేదించాలి. ఈసీఈ వాళ్లకు ఇందులో ఓ అదనపు బలం ఉంది. వెరిలాగ్‌, మైక్రోకంట్రోలర్లు తెలిసి ఉండి ఫర్మ్‌వేర్‌ చదవగలిగేవాళ్లు తక్కువ. కోడింగ్‌ మాత్రమే ఉద్యోగమనుకుని బ్రాంచిని వదిలేయకండి.

పైచదువులకు కోల్‌కతాలోని ఐఎస్‌ఐలో క్రిప్టాలజీ అండ్‌ సెక్యూరిటీలో ఎంటెక్‌ ఉంది. హైదరాబాద్‌ ట్రిపుల్‌ఐటీలో సెక్యూరిటీ, ఆల్గారిథమ్‌ల మీద పరిశోధన కేంద్రం ఉంది. హైదరాబాద్‌ సెంట్రల్‌ యూనివర్సిటీ ప్రాంగణంలోని సీఆర్‌ రావు ఇన్‌స్టిట్యూట్‌, చెన్నైలోని సెట్స్‌ సంస్థ క్రిప్టాలజీ మీద కూడా పనిచేస్తాయి. ఉద్యోగాల కోసం సీడాక్‌, బీఈఎల్‌, ఈసీఐఎల్‌ నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి. ప్రైవేటులో అయితే ప్రొడక్ట్‌ సెక్యూరిటీ, ఫర్మ్‌వేర్‌ అనాలిసిస్‌, టెస్టింగ్‌ ల్యాబ్‌ల వైపు చూడండి. ప్యాకేజీ మొదట్లో మిగతా ఐటీ ఉద్యోగాలంత మెరవకపోవచ్చు. నేర్చుకున్నది మాత్రం ఫ్రేమ్‌వర్క్‌ మారినప్పుడల్లా పాతబడిపోదు.

ఇంటర్వ్యూలో చెప్పని ఇంకో నైపుణ్యం ఉంది. రేపు మీ టీమ్‌లో ఎవరైనా 'ఆ ఫైల్‌ మాత్రం ముట్టుకోకు, అది అలాగే ఉండాలి' అనొచ్చు. తొంభై శాతం సందర్భాల్లో దాని వెనుక ఏ కుట్రా ఉండదు. పాత కోడ్‌ భయమే ఉంటుంది. అయినా అడగండి. మర్యాదగా, రాతపూర్వకంగా, కారణంతో. ఈ స్థిర విలువ ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ర్యాండమ్‌ అంకెలు ఎవరు పుట్టిస్తున్నారు? సమాధానం ఏ పేజీలో రాసి ఉంది? సరైన సమాధానం ఉన్న కంపెనీకి ఈ ప్రశ్నలంటే కోపం రాదు.

ఫ్రుటిగర్‌ అడిగాడు, బాగుచేశాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. కాఫ్లిష్‌ రాసిన ఆల్గారిథమ్‌ 50 యంత్రాల దగ్గర ఆగిపోయింది. ఆ కాలంలో వాళ్లు ఒంటరివాళ్లు. ఇప్పుడు తప్పును బహిరంగంగా పరీక్షించే పరిశోధకులు, ఓపెన్‌సోర్స్‌ సమూహాలు, ల్యాబ్‌లు ఉన్నాయి. కావాల్సింది మూత తీసి చూసే చేతులు. ఈ వారాంతం ఓ పాత రౌటర్‌ దొరికితే, దాని ఫర్మ్‌వేర్‌ దించుకుని లోపల ఏముందో చూడటంతో మొదలుపెట్టండి.